పుండుకు ఆకు పసరు చాలదు!

పిల్లాడి ముక్కు కింద పొక్కులు లేచాయా? అవి చితికి తేనె రంగు పెచ్చులు కట్టాయా? ఇంపెటైగో కావొచ్చు. తణుకు నుంచి కొల్లేరు దాకా వానకాలంలో తేమ, చెమట, దోమకాటు మీద గోకుళ్లు ఇలాంటి ఇన్‌ఫెక్షన్లకు దారిస్తాయి. వరిచేలల్లో, చేపల చెరువుల్లో గంటల తరబడి నీళ్లలో నిలబడేవారికి కాళ్ల పగుళ్లతోనూ ఇదే ఇబ్బంది. చాలావరకు కారణం స్టెఫైలోకాకస్ ఆరియస్, స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా. వెంటనే పెరట్లోని వేపాకు గుర్తుకొస్తుంది కదూ? ఒక్క నిమిషం ఆగండి.

ఆకు నుంచి జెల్ దాకా

వేప, పసుపు సారాలు ప్రయోగశాలలో బ్యాక్టీరియాను అడ్డుకునే మాట నిజమే. కానీ పసుపులోని కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు. ఆకులోని మందు గుణమూ చెట్టు చెట్టుకూ మారుతుంది. అందుకే పరిశోధకులు జెల్ తయారుచేస్తారు. ఆకుల్ని ఆరబెట్టి, పొడిచేసి, ఆల్కహాల్‌లో నానబెట్టి సారం తీస్తారు. దాన్ని కార్బోపాల్ నానబెట్టిన నీళ్లలో కలుపుతారు. ట్రైఇథనాలమైన్ చుక్కలు వేయగానే ఆమ్లగుణం తగ్గి, మిశ్రమం చిక్కబడుతుంది. ఇలా చేసిన జెల్ జిడ్డు లేకుండా సమంగా పరచుకుంటుంది, మోతాదూ తెలుస్తుంది.

ఆ తర్వాత మనుషుల మీద పరీక్షించాలి. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మొటిమల బాధితులపై 5 శాతం టీ ట్రీ నూనె జెల్‌ను, 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్‌నూ పోల్చి చూశారు. నూనె జెల్ నెమ్మదిగానే అయినా పనిచేసింది, దుష్ప్రభావాలు తక్కువ. అయితే అది మొటిమల సంగతి. చీము పుండ్లకూ అలాగే పనిచేస్తుందని అనుకోవద్దు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలోని లెడర్లీ పరిశోధన విభాగం 1948లో ఆరియోమైసిన్‌ను అందించింది. అదీ మట్టిలోని సూక్ష్మజీవి ఇచ్చిందే. శుద్ధిచేసి, మోతాదు తేల్చి, పరీక్షించాకే మందయ్యింది.

ఇంట్లో ఇలా చేయండి

* పెచ్చుల్ని పీకకండి. గోరువెచ్చటి సబ్బు నీటితో నాననిచ్చి మెల్లగా కడగండి. పిల్లల గోళ్లు కత్తిరించి, తువ్వాలు వేరుగా ఉంచండి.
* పచ్చి పుండుపై ఆకు ముద్ద, పసుపు పెట్టొద్దు. వాటిలోని మట్టి, సూక్ష్మజీవులు లోపలికి చేరొచ్చు.
* హెర్బల్ జెల్ కొంటే లైసెన్సు నంబరు, గడువు తేదీ చూడండి. పుండు లేని చోట కాస్త రాసి ఒక రోజు గమనించండి.
* స్టిరాయిడ్ కలిసిన ట్యూబులు సొంతంగా వాడొద్దు. ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, ఇన్‌ఫెక్షన్ లోలోపల ముదురుతుంది.

ఎప్పుడు ఆలస్యం చేయొద్దు?

ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా, నొప్పి పెరుగుతున్నా వెంటనే డాక్టర్‌ను కలవండి. మధుమేహం ఉన్నవారు, పసిపిల్లల విషయంలో మొదటి రోజే చూపించటం మేలు. స్ట్రెప్టోకాకస్ పుండ్లు మానిన కొన్ని వారాలకు అరుదుగా కిడ్నీలు వాస్తాయి. పిల్లల ముఖం ఉబ్బినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇటీవల పుండ్లు వచ్చిన సంగతీ డాక్టర్‌కు చెప్పండి.