మోటారు సైకిలువారికి చట్టము చేయు మేలు

బన్సీలాల్‌పేటలో ఉదయము బడిగంట మ్రోగు వేళ మా పాఠశాల ద్వారమునొద్ద నిలిచి చూచువారికి ఒక దృశ్యము నిత్యము కానవచ్చును. తండ్రి తలపై హెల్మెట్టు ఉండును. ముందొక బిడ్డయు, వెనుక నిద్దరు బిడ్డలును వట్టి తలలతో కూర్చుండియుందురు. మరియొకరి హెల్మెట్టు మోచేతికి వ్రేలాడుచుండును. పోలీసు జవాను నిలుచు కూడలి సమీపించినప్పుడే అది తలకెక్కును, కూడలి దాటగానే మరల మోచేతికి దిగును. అపాయము జవానువలననే కలుగునని వీరి యభిప్రాయము కాబోలు! చట్టము ఎవరికొరకు ఏర్పడినదో బాలబాలికలకును, వారి తలిదండ్రులకును విశదపరచుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మోషే ధర్మశాస్త్రమున, క్రొత్తగా ఇల్లు కట్టువాడు మిద్దెచుట్టును పిట్టగోడ కట్టవలెనను విధి యున్నది. ఆ గోడ ఇంటివాని స్వేచ్ఛను హరించుటకు గాదు; ఎవరును పడి చావకుండుటకే. రహదారి నియమములును ఇట్టి పిట్టగోడలే. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి సెకనుకు 11 మీటర్లు సాగును. సుమారు 6 మీటర్ల ఎత్తునుండి పడిన వస్తువు నేలను తాకునప్పుడు దాని వేగమును అంతియే. అనగా ఆ వేగమున పోయి తల గోడకు తగులుట రెండంతస్తుల మిద్దెనుండి తలక్రిందుగా పడుటతో సమానము. పిట్టగోడ లేని మిద్దె యంచున బిడ్డను కూర్చుండబెట్టు తల్లి ఎందైన కలదా?

విరిగిన చేయి కట్టుకొనును గాని, గట్టిగా నలిగిన మెదడు పూర్వమువలె నగుట కష్టము. హెల్మెట్టు పైపెంకు దెబ్బను విశాలముగా వ్యాపింపజేయును. లోపలి నురుగుపొర నలిగి, తల ఆగు కాలమును కొంచెము పొడిగించును. ఆ కొంచెమే మెదడును కాపాడును. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్టు మరల పనికిరాకుండుటకు కారణ మిదియే. గడ్డముక్రింది పట్టీ బిగింపనిచో మనిషికంటె ముందుగా హెల్మెట్టే ఎగిరిపోవును. పెక్కు పరిశోధనలను కూర్చి 2008లో ప్రకటింపబడిన సమీక్ష, హెల్మెట్టువలన తలగాయముల యపాయము నూటికి 69 వంతులును, మరణాపాయము 42 వంతులును తగ్గునని తేల్చినది.

ఈ నియమము దుఃఖమునుండి పుట్టినది. అరేబియా లారెన్సు అని పేరొందిన టి. ఇ. లారెన్సు 1935 మే నెలలో ఇంగ్లాండున మోటారు సైకిలునుండి పడి, తలగాయముతో ఆరు దినములకు మరణించెను. అతనిని చూచిన వైద్యులలో నొకడైన హ్యూ కెయిర్న్సు ఆ మరణమును మరువక, సైన్యమున వార్తలు మోయు మోటారు సైకిలువారి గాయములను పరిశీలించి, 1941లో హెల్మెట్టు ప్రయోజనమును ప్రకటించెను. బ్రిటనులో ఎల్లవారికిని అది విధిగా నగుటకు 1973 వరకు పట్టినది. అమెరికాలో 1976లో కేంద్రప్రభుత్వపు నిర్బంధము సడలగా, పెక్కు రాష్ట్రములు తమ చట్టములను సడలించెను. హెల్మెట్టు ధరించువారు తగ్గిరి, చనిపోవువారు పెరిగిరి. చట్టము నిలిచినచోట తలలు నిలిచినవి.

మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 2019 సవరణతో, నాలుగేండ్లు దాటిన ప్రతివారును హెల్మెట్టు ధరింపవలెనని విధించుచున్నది. వెనుక కూర్చుండువారికిని మినహాయింపు లేదు. బండిపై నడుపువాడుగాక ఒక్కరికే చోటు. ఏలనగా వెనుక బరువు హెచ్చినకొలది ముందుచక్రము తేలికయై, బండి అదుపు తప్పును.

వయస్సును గూర్చిన నియమము మన విద్యార్థులకు మిక్కిలి ముఖ్యము. 50 సి.సి.కి మించని చిన్న బండి తప్ప, 18 ఏండ్లు నిండనివారు మోటారు సైకిలు నడుపరాదు. అట్టి బాలుడు నేరము చేసినచో, సంరక్షకుడు గాని బండి యజమాని గాని మూడేండ్లవరకు చెరసాలకును, 25,000 రూపాయల జరిమానాకును పాత్రుడగును; బాలునికి 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు దొరకదు. ముద్దుచేసి తాళముచెవి ఇచ్చు తండ్రి ఇది యోచింపవలెను.

2021 సెప్టెంబరు 10వ తేదీన మన నగరమునందే, దుర్గం చెరువు తీగలవంతెన ప్రాంతమున, చలనచిత్రనటుడు శ్రీ సాయి ధరమ్ తేజ్ గారి బండి జారి పడినది. ఆయన హెల్మెట్టు ధరించియుండెను. వారములకొలది ఆసుపత్రిలో నున్నను, ప్రాణముతో ఇల్లు చేరెను.

గాంధీ ఆసుపత్రి మనకు సమీపముననే యున్నది. అంబులెన్సు కూత మన తరగతులలో వినబడని దినము లేదు. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చిన దయాళువును వేధింపరాదని 2019 సవరణయే చెప్పుచున్నది. కావున భయపడి తొలగిపోకుడు.

మా ఉపాధ్యాయులలోను కొందరము “దగ్గరే గదా” యని వట్టి తలలతో వచ్చుచుంటిమి. పిల్లలు చూచుచున్నారని గ్రహించి ఆ యలవాటు మానితిమి. తలిదండ్రులారా, బిడ్డకు పుస్తకములు కొన్న దినముననే ఐ.ఎస్.ఐ. గుర్తుగల చిన్న హెల్మెట్టు నొకదానిని కొనుడు. ఆ పుస్తకములలోని విద్య యంతయు నిలువవలసినది ఆ తలలోనే గదా.