ఒక మాట, పెక్కు అర్థములు: ‘మైనరు’, ‘మైనారిటీ’

ఇంటివద్ద ఇంగ్లీషు పాఠమును వల్లెవేయు పిల్లలను గమనించినచో ఒక విషయము తెలియును. వారు ప్రతి ఇంగ్లీషు మాటకును ఎదురుగా ఒక్క తెలుగు మాటను వ్రాసికొని, ఆ జంటను కంఠస్థము చేయుచుందురు. ‘మైనరు’ అనగా చిన్నది, ‘మేజరు’ అనగా పెద్దది. ఇక ఆ మాట వచ్చినదని వారి నమ్మకము. పెద్దలమైన మనకును తరచుగా ఆ నమ్మకమే కలదు. అందువలన కలుగు నష్టమును తెలుపుటకై ఈ ఒక్క మాటనే తీసికొని కొన్ని సంగతులు తల్లిదండ్రులకు విన్నవించుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా యెరుకలోని ఒక తండ్రి తన కుమార్తె ఉపకారవేతనమునకై దరఖాస్తు నింపుచు, ‘మైనారిటీ’ అని యున్న గడిలో ‘ఔను, వయస్సు 12’ అని వ్రాసెను. బిడ్డ ఇంకను మైనరే గదా యని ఆయన తలంపు. మరియొకరు అదే గడిలో, ‘మాది తెలుగు, మన బడి మైనారిటీ బడి’ అని తలచి ‘ఔను’ అని వ్రాసిరి. రెండు దరఖాస్తులును తిరిగి వచ్చినవి. ఇద్దరును చదువుకొన్నవారే. ఇద్దరును ఆ మాటకు గల నిజమైన అర్థమునే గ్రహించిరి. కాని ఆ పత్రము అడిగినది ఆ అర్థమును గాదు.

‘మైనరు’ లాటిను భాషనుండి ఇంగ్లీషునకు వచ్చిన మాట. మూలములో దానికి ‘మరింత చిన్నది’ అని అర్థము. అనగా అది పోల్చి చెప్పు మాట. కావున ఎక్కడ కనబడినను ‘దేనికంటె చిన్నది?’ అని ముందుగా అడుగవలెను. ఆ ప్రశ్నకు వచ్చు సమాధానమును బట్టి అర్థము మారుచుండును.

న్యాయస్థానములో ఆ పోలిక వయస్సుతో. 1875 నాటి చట్టము ప్రకారము మన దేశమున 18 సంవత్సరములు నిండనివారు మైనరులు. వారి ఆస్తిని సంరక్షకులు చూచుకొందురు. ఇది మన ప్రాంతమునకు పాత కథయే. 1889లో జయపుర సంస్థానాధిపతి రామచంద్రదేవు గతించినపుడు, కుమారుడు విక్రమదేవు మైనరగుటచే సంస్థానమును కొంతకాలము ప్రభుత్వమువారు నడిపిరి. ఇట్టి జమీందారీ వారసులనుండియే కాబోలు, తెలుగుదేశములో ‘మైనరు’ అనగా సొగసుగా తిరుగుచు ధనము వెదజల్లు యువకుడను అర్థము కూడ పుట్టినది. ‘మైనరు బాబు’ అను మాట మన యిండ్లలో వినబడునదే. ఇంగ్లీషు నిఘంటువులో వెదకినను ఈ అర్థము దొరకదు.

అడవిలో పోలిక కలపతో. కోరాపుట్, రాయగడ సంతలకు వచ్చు చింతపండు, ఇప్పపువ్వు, తేనె మొదలగువానిని చట్టము ‘మైనరు’ అటవీ ఫలసాయమనును. 2006 నాటి అటవీ హక్కుల చట్టము వెదురును కూడ ఇందులోనే చేర్చినది. గిరిజన కుటుంబమునకు అది చిన్న ఆదాయమని దీని భావము గాదు. అది కలప కాదని మాత్రమే.

గనుల విషయమున ఇల్లు కట్టు రాయియు, కంకరయు, సామాన్యమైన ఇసుకయు ‘మైనరు’ ఖనిజములు. పంచపట్మాలి కొండపై త్రవ్వు బాక్సైటు అట్టిది కాదు. ఇచ్చట పిల్లలకు ఇంకొక చిక్కు గలదు. గనిలో పనిచేయువానిని కూడ ఇంగ్లీషులో ‘మైనరు’ అనియే పలుకుదురు. తెలుగులో వ్రాసినచో రెండింటికిని భేదము కనబడదు. ఇంగ్లీషులో మాత్రము చిన్నది యను మాట చివర ‘ఓ, ఆర్’ అక్షరములును, గని పనివాడను మాట చివర ‘ఈ, ఆర్’ అక్షరములును ఉండును. ఇవి ఒక మాటకు గల రెండర్థములు గావు. వేర్వేరు మాటలు రెండు.

ఇక ‘మైనారిటీ’. దీనికి మైనరుగా నుండు వయోదశ అనియు, సంఖ్యలో తక్కువైన వర్గమనియు రెండర్థములు. ఆ రెండవ దానిలో మరల రెండు విధములు. 1992 నాటి జాతీయ మైనారిటీ కమిషను చట్టము క్రింద కేంద్ర ప్రభుత్వము ప్రకటించినవారు ముస్లిములు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పారసీకులు, 2014 నుండి జైనులు. మన దరఖాస్తు అడిగినది ఈ మత మైనారిటీని గురించి. భాషా మైనారిటీ వేరు. మతమును బట్టి గాని భాషను బట్టి గాని మైనారిటీలైనవారు విద్యాలయములను స్థాపించి నడుపుకొను హక్కు రాజ్యాంగము 30వ అధికరణములో గలదు. ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింపవలెనని 1956లో చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది.

ఇచ్చటను ‘దేనికంటె?’ అను ప్రశ్నయే దారి చూపును. రాష్ట్రమును బట్టియే మైనారిటీని నిర్ణయింపవలెనని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. రాయగడలో రైలెక్కి పార్వతీపురములో దిగిన తెలుగువాడు అక్కడ మైనారిటీ కాడు. ఇచ్ఛాపురములోని ఒడియా కుటుంబము అక్కడ మైనారిటీ. 1936 ఏప్రిల్ 1న ఒడిషా రాష్ట్రము ఏర్పడినపుడు, అంతవరకు మద్రాసు రాష్ట్రములో నున్న మన పెద్దలు ఇల్లు కదలకయే మైనారిటీ అయిరి. కావున ‘మనము తక్కువవారమా?’ అని బిడ్డ అడిగినచో, ఈ రాష్ట్రములో మన భాష మాటలాడువారి సంఖ్య తక్కువ, అంతకు మించి ఆ మాటలో ఏమియు లేదని ధైర్యముగా చెప్పవచ్చును.

పిల్లలకు ఈ విద్య క్రొత్తది గాదు. ‘పాలు త్రాగెను’, ‘ఆస్తిలో పాలు పంచుకొనెను’, ‘అగ్నిపాలయ్యెను’ అనిన వారు తడబడరు. ‘పాణి’ అనగా ఒడియాలో నీరనియు, మన పద్యములలో చేయి యనియు తెలియును. మన పూర్వులు వల్లించిన అమరకోశములో నానార్థములకు ప్రత్యేకముగా ఒక వర్గమే గలదు.

కావున తల్లిదండ్రులకు మా విన్నపము. బిడ్డచేత విడిమాటను గాక వాక్యమంతయు వ్రాయింపుడు. నిఘంటువులో మొదటి అర్థముతో ఆగక చివరివరకు చదివింపుడు. తెలిసిన మాటయే క్రొత్తచోట కనబడినపుడు దాని అర్థమును మరల అడుగుట నేర్పుడు. దరఖాస్తులో అట్టి మాట కనబడినచో, సంతకము చేయుటకు ముందు బడిలోని ఉపాధ్యాయులకు చూపుడు. అడుగుటకు సంకోచము వలదు.