గూనివీపు పండితుడు, తోకల శాస్త్రము

మనుష్యుని ముఖము జూచి గుణము చెప్పు విద్య మనవారికి క్రొత్త గాదు. కురవి వీరభద్రస్వామి జాతరకు బోయి యట్టి జోస్యమునకు కాసులిచ్చి వచ్చిన నెవరికిని పెద్ద నష్టము లేదు. కాని యా విద్యయే శాస్త్రమని పేరు పెట్టుకొని గ్రంథములకెక్కినపుడు ముప్పు కలుగును. ఆ ముప్పును ముందే పసిగట్టినవారిలో జర్మను పండితుడు లిక్టెన్‌బర్గు ముఖ్యుడని మా యభిప్రాయము.

ఇతడు 1742లో డార్మ్‌స్టాట్ చెంత నొక క్రైస్తవ గురువుగారి యింట, పదునేడుగురు సంతానములో కడపటివాడుగా బుట్టెను. బాల్యముననే వెన్నెముక వంగి గూనివాడయ్యెను. గొట్టింగెన్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడై, కంటియెదుట ప్రయోగము చేసి చూపి పాఠము చెప్పెడివాడు. 1777లో విద్యుత్తు సోకిన లక్కపలకపై ధూళి నక్షత్రములవలె, చెట్టుకొమ్మలవలె పేరుకొనుట గనెను. 1938లో అమెరికాలో కార్ల్‌సన్ సాధించిన జిరాక్సు పద్ధతికి ఈ ధూళిరేఖలే పూర్వరూపము. ఎన్నిమార్లు మడిచినను ఆకారము మారని కాగితపు కొలతనుగూర్చి 1786లో నొక లేఖ వ్రాసెను. నేటి ఏ4 కాగితము కొలత యదియే. కచేరి ముందర పట్టా నకలు తీయించుకొను మన రైతు ఇతనికి రెండువిధముల ఋణపడియున్నాడు!

వర్తకుడు చిట్టాలో గీకి పిదప ఆవర్జాకెక్కించునట్లు, ఇతడు తోచినదెల్ల 1765 మొదలు జీవితాంతము పుస్తకములలో గీకుచుండెను. అవి యతని మరణానంతరమే వెలువడెను. బ్రదికియుండగా జనులెరిగినది యతని యెకసక్కెము. 1777లో ఫిలడెల్ఫియా యను గారడివాడు గొట్టింగెనుకు రాగా, లిక్టెన్‌బర్గు వాని పేరనే యసంభవములైన వింతలను ప్రకటించు కరపత్ర మచ్చొత్తించెను. గారడివాడు ఊరు విడిచిపోయెను.

ఇంతకంటె ఘనుడైన ప్రతిపక్షి జూరిచ్ గురువు లవాటర్. ముక్కు, నుదురు, గడ్డము కొలిచి శీలము నిర్ణయింపవచ్చునని యతడు 1775 మొదలు నాలుగు మహాసంపుటములు ప్రకటించెను. యూరోపు దానికి మోహపడెను. 1778లో లిక్టెన్‌బర్గు దానిని ఖండించెను: శీలము ఎముకలలో లేదు, కదలికలో, నడతలో కలదు. 1783లో లవాటర్ ధోరణిలోనే పందితోకలను, కుక్కతోకను, విద్యార్థుల సవరపుజడలను వర్ణించి గుణనిర్ణయము చేయు వ్యాసము వెలువడెను. గూనివానికి ఆ విద్యపై కక్ష సహజమేగదా యనవచ్చును. కక్షయైనను కానిండు, వాదము నిలిచినది.

ఆ తోకల వ్యాసము వెలువడి నూరేండ్లు దాటిన పిదప, హిందూదేశమున రిస్లీ దొరగారు ముక్కు కొలతలనుబట్టి కులముల హెచ్చుతగ్గులు నిర్ణయింపజూచిరి. ఆయనయే 1901 జనాభా లెక్కలకు అధిపతి. మద్రాసు మ్యూజియము అధ్యక్షుడు థర్స్టన్ దొర కొలబద్దలు పట్టుకొని మన దక్షిణాది జనుల తలలను, ముక్కులను కొలిచి, 1909లో ఏడు సంపుటములు వెలయించెను. దొరలిద్దరును పందితోక వర్ణనము చదివినట్లు మాకు తోపదు.