సభాహ్వానపు ఫైలును తెఱచునపుడు కనబడు హెచ్చరిక

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించు పథకమును కేంద్ర ప్రభుత్వము 2022 జూనులో ఆమోదించినది. సభల ఆహ్వానములును క్రమముగా ఈ-మెయిలు మార్గమున వచ్చుచున్నవి. ఉత్తరముతోఁబాటు ‘ఐ.సి.ఎస్.’ అను అక్షరములతో ముగియు చిన్న ఫైలొకటి యుండును. దానిని తెఱవఁబోఁగా ‘ఇది అపాయకరము కావచ్చును’ అని కంప్యూటరు హెచ్చరించును. కొందఱు బెదరి సభనే మానుకొందురు. మఱికొందఱు చదువకయే సమ్మతి తెలుపుదురు. మొదటివారికి అప్పులు, ఎరువుల తీర్మానములలో మాట పోవును. రెండవవారికి బ్యాంకు సొమ్మే పోవచ్చును.

ఈ ఫైలు స్వభావమును ముందు తెలిసికొందము. దీని పద్ధతి 1998లో ఏర్పడి, 2009లో సవరింపఁబడినది. దీనిలో నుండునవి తేదీ, వేళ, స్థలము, విషయము, పిలిచినవారి పేరు. సభా నోటీసును కంప్యూటరు చదివి తన కేలండరులో వ్రాసికొనుటకు అనువుగ కూర్చిన సాదా వ్రాఁత యిది.

అట్లయిన అపాయ మెట్లు కలుగును? మూఁడు విధములు గలవు. లోపల మోసపు లింకును చేర్చుట యొకటి. వేఱొక హానికరమైన ఫైలునకు ఆహ్వానమని పేరు పెట్టుట రెండవది. తెఱచు సాధనములోనే లోప ముండుట మూఁడవది. మైక్రోసాఫ్టువారి ఔట్‌లుక్‌లో ఇట్టి లోపము బయటపడఁగా 2023 డిసెంబరులో దానిని సరిచేసిరి. కపటముగ కూర్చిన ఆహ్వానము ద్వారా పాస్‌వర్డునకు సంబంధించిన రహస్య సమాచారము పరులకు చిక్కు వీలు అందుండెను. అయితే ఆ సవరణ పిదప, ఎవరి కంప్యూటరులో వారు దాఁచికొన్న మంచి ఫైళ్లకును హెచ్చరిక రాఁజొచ్చెను. అది పొరపాటని ఆ సంస్థవారే 2024లో ఒప్పుకొనిరి.

కావున హెచ్చరిక తీర్పు కాదు. వట్టి బెదరింపును కాదు. ఫైలు పంపినవాని మనస్సు కంప్యూటరునకు తెలియదు. ‘ఈ ఆహ్వానమును నీ వెదురుచూచుచుంటివా?’ అను ప్రశ్నకు ప్రత్యుత్తర మీయవలసినవారము మనమే.

సభ్యులు ఈ క్రమము పాటించుట మేలు.

1. మొదట ‘వద్దు’ అని నొక్కవలెను. ఫైలు ఎక్కడికిని పోదు.

2. పంపినవారి పేరు మాత్రమే గాక, ఈ-మెయిలు చిరునామాను అక్షరమక్షరము చూడవలెను.

3. కార్యదర్శిని ఫోనులో అడుగవలెను. అయితే ఉత్తరములోని నంబరునకు గాక, మన యొద్ద ముందే యున్న నంబరునకు చేయవలెను.

4. ఫైలు పేరు చివర ‘ఐ.సి.ఎస్.’ కాక ‘ఈ.ఎక్స్.ఈ.’ వంటిది యున్నచో తుడిచివేయవలెను.

5. అపరిచితుల ఆహ్వానమునకు ‘రాను’ అనియు బదులీయరాదు. ఆ చిరునామాలో మనుష్యు లున్నారని వారికి తెలియును.

6. హెచ్చరికలు శాశ్వతముగ రాకుండ చేయరాదు. సాధనములకు వచ్చు సవరణలను ఎప్పటికప్పుడు చేర్చుకొనవలెను.

ఏ సభకును ఓటీపీ గాని, బ్యాంకు పాస్‌వర్డు గాని అవసరము లేదు. అడిగినచో అది మోసమే. సొమ్ము పోయినచో జాగు చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

కార్యదర్శి చెప్పిన తేదీని గోడ కేలండరుపై వ్రాసికొన్నచో ఫైలును తెఱవవలసిన పనియే యుండదు. హెచ్చరికకు వెఱచి మహాజన సభను మాత్రము మానవలదని మా మనవి.