పిల్లి గీరితే ఎయిడ్స్ వస్తుందా?



"పిల్లులకు కూడా ఎయిడ్స్ ఉంటుందట కదా, గీరితే మా పిల్లలకు అంటుకుంటుందా?" పిల్లిని పెంచుకునే పుప్పాలగూడ కుటుంబాలవారు మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. అంటుకోదు. పిల్లులకు వచ్చే వైరస్‌ను ఎఫ్.ఐ.వి. అంటారు. అది మన హెచ్.ఐ.వి.కి దాయాది. రోగనిరోధక శక్తిని అదే విధంగా మెల్లగా దెబ్బతీస్తుంది కానీ మనిషికి సోకదు. పిల్లులు పోట్లాడుకుని కరచుకున్నప్పుడు ఉమ్మి ద్వారా పాకుతుంది. అందుకే వీధుల్లో తిరిగే గండుపిల్లులలో ఎక్కువ.

1986లో కాలిఫోర్నియాలో డాక్టర్ నీల్స్ పెడర్సన్, డాక్టర్ జానెట్ యమమోటో దీన్ని కనుగొన్నారు. రెండు రకాల ఎఫ్.ఐ.వి.ని చంపి, కలిపి తయారుచేసిన టీకాకు 2002లో అమెరికాలో అనుమతి వచ్చింది. మనుషులకు ఇంకా లేని టీకా పిల్లికి దొరికిందంటే ఎవరికైనా ఆశ కలుగుతుంది.

కానీ ఈ వైరస్ ఊరికో రూపంలో ఉంటుంది. బ్రిటన్‌లో టీకా వేసిన పిల్లులకు అక్కడి రకం వైరస్‌ను ఎక్కించి చూస్తే టీకా కాపాడలేకపోయిందని 2006లో తేలింది. ఆస్ట్రేలియాలో బయట తిరిగే పెంపుడు పిల్లులను పరీక్షించి 2016లో ప్రకటించిన లెక్క ప్రకారం రక్షణ 56 శాతం. ఇంకో చిక్కు కూడా ఉంది. మామూలు రక్తపరీక్ష వెతికేది వైరస్‌ను కాదు, దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. టీకా వేసినా అవే తయారవుతాయి. దాంతో టీకా వేసిన ఆరోగ్యమైన పిల్లి కూడా రోగిగా లెక్కపడేది. 2017 కల్లా అమెరికా, కెనడాలలో ఆ టీకా ఆగిపోయింది.

మనుషుల సంగతీ అంతే. థాయ్‌లాండ్‌లో 16,000 మందికి పైగా పాల్గొన్న పరీక్షలో హెచ్.ఐ.వి. టీకా ఇచ్చిన రక్షణ సుమారు 31 శాతమని 2009లో తెలిసింది. అది చాలదు. ఈలోగా మందులే ముందుకు నడిచాయి. 2004 ఏప్రిల్ 1న మన దేశంలో ఉచిత ఏ.ఆర్.టి. మొదలైంది. ఆరు నెలలకొకసారి వేసే లెనకపవిర్ ఇంజక్షన్ హెచ్.ఐ.వి. సోకకుండా ఆపగలదని 2024లో రుజువైంది. ఇది టీకా కాదు, మందే. దాన్ని చవకగా తయారుచేయడానికి అదే ఏడాది అనుమతి పొందిన ఆరు కంపెనీలలో మన హైదరాబాదువి రెండు: డాక్టర్ రెడ్డీస్, హెటెరో.

పిల్లి కరిస్తే నిజంగా భయపడవలసింది రేబిస్‌కు. గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టకండి. కట్టు కట్టకుండా అదే రోజు ఆసుపత్రికి రండి. గీరి రక్తం వచ్చినా ఇంతే. మీ పిల్లికి రేబిస్ టీకా వేయించి ఎంత కాలమైందో ఒకసారి చూసుకోండి.