ర్యామ్ డిస్క్: లాభమెంత, జాగ్రత్త ఏమిటి?

గేమ్ మొదలయ్యే ముందు తెర మీద గీత నెమ్మదిగా జరుగుతుంటే విసుగొస్తుంది కదూ? ఆ సమయంలో కంప్యూటర్ హార్డ్ డిస్క్ నుంచి బొమ్మలు, శబ్దాలు తీసి ర్యామ్‌లోకి చేరుస్తుంటుంది. హార్డ్ డిస్క్‌లో నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరిగే పళ్లెం ఉంటుంది. చదివే ముల్లు సరైన చోటికి జరగాలి, పళ్లెం తిరిగి రావాలి. వేలాది చిన్న ఫైళ్లుంటే ఈ వెతుకులాటకే ఎంతో సమయం పోతుంది. ర్యామ్‌లో తిరిగే భాగమేదీ లేదు.

ర్యామ్‌లో కొంత భాగాన్ని సాఫ్ట్‌వేర్ సాయంతో డ్రైవ్‌లా వాడుకోవడమే ర్యామ్ డిస్క్. 16 జీబీలో 6 జీబీ దీనికిస్తే, మిగిలిన 10 జీబీతోనే విండోస్, గేమ్ సర్దుకోవాలి. పైగా గేమ్‌ను ముందుగా అందులోకి కాపీ చేయాలి. ఆ కాపీకి పాత డిస్క్ వేగమే దిక్కు. అందుకే ఆడుతుండగా మళ్లీ మళ్లీ లోడయ్యే చిన్న గేములకే ఇది లాభం. ఎస్ఎస్‌డీ ఉన్నవారికి తేడా తక్కువే. కుదించిన ఫైళ్లను విప్పే పని ఎలాగూ ప్రాసెసర్‌దే కదా!

ఇక అసలు జాగ్రత్త. కరెంటు పోతే ర్యామ్‌లోనిదంతా పోతుంది. గేమ్‌నైతే మళ్లీ కాపీ చేసుకోవచ్చు. దాటిన లెవెళ్లు, రాసుకున్న ప్రాజెక్టు తిరిగి రావు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లలో కూడా పనిచేశాను కనుక చెబుతున్నాను: సేవ్ ఫైళ్లు డిస్క్ మీదే ఉంచండి. ర్యామ్ పలక వంటిది, డిస్క్ నోటుపుస్తకం వంటిది. లెక్క పలక మీద చేయండి, జవాబు పుస్తకంలో రాసుకోండి.