క్రిస్మస్ సెలవుల్లో పెండ్లిండ్లు

క్రిస్మస్ ఆరాధన ముగిసి రెండు రోజులు గడవకముందే మన పల్లెల్లో పెండ్లి పందిళ్ళు లేస్తాయి. డిసెంబరు 26 మొదలు జనవరి నెలాఖరు వరకు సంఘ కాపరులమైన మాకు ఊపిరి సలపదు. ఒకే రోజున రెండు మూడు ఊళ్ళలో పెండ్లిండ్లు జరిపించవలసి వస్తుంది. ఇది సంతోషకరమైన ప్రయాసమే. అయితే ఈ తొందరలో వివాహములోని అసలు సంగతి జారిపోకూడదని తల్లిదండ్రులకు ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఈ రోజులే ఎందుకు?

వరి నూర్పిళ్ళు అయి, ప్రత్తి అమ్ముడుపోయి చేతిలో నాలుగు డబ్బులు ఆడే కాలమిది. హైదరాబాదులోను, బెంగుళూరులోను పనిచేసే పిల్లలు, సైన్యములో ఉన్నవారు పండుగకు ఇల్లు చేరతారు. మళ్ళీ సెలవు ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. పైగా డిసెంబరు మధ్య నుండి సంక్రాంతి వరకు ధనుర్మాసము. ఆ నెలలో మన హిందూ సోదరులు సాధారణముగా పెండ్లి ముహూర్తాలు పెట్టుకోరు. కనుక షామియానా, వంటవారు, బ్యాండు మేళము మనకు సులువుగా దొరుకుతాయి.

సంఘ క్రమము కూడా ఒక కారణమే. క్రిస్మస్‌కు ముందుండే ఆగమన కాలములోను, ఈస్టరుకు ముందుండే శ్రమకాలములోను అనేక సంఘాల్లో పెండ్లిండ్లు జరిపించరు. శ్రమకాలము ఆరంభమయ్యే భస్మ బుధవారము ఫిబ్రవరి 4కు, మార్చి 10కి మధ్య వస్తుంది. ఈ రెంటి నడుమ మిగిలిన కొద్ది వారాల్లోనే అందరి పెండ్లిండ్లూ జరగాలి.

నవంబరులోనే రండి

లైసెన్సు పొందిన సేవకుడు జరిపించే పెండ్లికి 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము ఒక క్రమము పెట్టింది. ముందుగా వ్రాతపూర్వకమైన నోటీసు ఇవ్వాలి. దానిని గుడిలో అందరికీ కనబడేచోట అంటించాలి. నోటీసు అందిన నాలుగు రోజులు గడిచిన తరువాతనే సర్టిఫికెట్ ఇవ్వవచ్చును. సర్టిఫికెట్ ఇచ్చిన రెండు నెలల్లోగా పెండ్లి జరగకపోతే అది చెల్లదు. పెండ్లి ఉదయము 6 గంటలకు, సాయంత్రము 7 గంటలకు మధ్య, కాపరి కాక మరి ఇద్దరు సాక్షుల యెదుట జరగాలి. చాలా సంఘాల్లో మూడు ఆదివారములు ప్రకటన చదవడము కూడా ఉన్నది. ఇవి వట్టి కాగితపు పనులు కావు. అభ్యంతరము ఉన్నవారు చెప్పుకోవడానికీ, పిల్లలు తమ మనసు తేల్చుకోవడానికీ దొరికే వ్యవధి. డిసెంబరు 28న పెండ్లి అనుకుంటే నవంబరులోనే కాపరి వద్దకు రావాలి.

ఒక ఏడాది డిసెంబరు 20న ఒక కుటుంబము మాలో ఒకరి వద్దకు వచ్చింది. పెండ్లి 29న. శుభలేఖలు అచ్చయ్యాయి, షామియానాకు బయానా ఇచ్చేశారు. అమ్మాయి పదవ తరగతి సర్టిఫికెట్ చూస్తే 18 నిండడానికి ఇంకా మూడు నెలలున్నది. "మూడు నెలలకేముంది అయ్యగారూ, అల్లుడికి మళ్ళీ సెలవు ఇవ్వరు" అని తండ్రి బ్రతిమాలాడు. పాస్టరమ్మగారు అమ్మాయిని వంటింట్లోకి తీసుకువెళ్ళి నెమ్మదిగా అడిగారు. ఇంటరు పరీక్షలు వ్రాయాలని ఉందని ఆ పిల్ల ఏడ్చింది. పెండ్లి జరిపించలేమని చెప్పవలసి వచ్చింది. కొన్ని వారాలు ఆ ఇంటివారు గుడికి రాలేదు. పరీక్షలై, ఈస్టరు గడిచి, మే నెలలో అదే వరునితో పెండ్లి జరిగింది. ఆ రోజు ఆమె తల ఎత్తి, గుడి చివర ఉన్నవారికి సైతము వినబడేలా ప్రమాణము పలికింది.

వరునికి 21, వధువుకు 18 నిండాలి. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టము ప్రకారము అట్టి పెండ్లి జరిపించినవారికి రెండేండ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చును. అయితే మేము భయపడేది జరిమానాకు మాత్రమే కాదు. దేవుని సన్నిధిలో ఒక పిల్ల తనది కాని మాట పలకడమునకు ఎక్కువ భయపడతాము.

పెండ్లివారికి మా మనవి

ప్రధానము రోజున తేదీ ఖాయము చేయకముందు కాపరిని అడగండి. ఆ రోజున ఆయన మరి ఏ ఊరిలో ఉంటారో తెలుస్తుంది. వధూవరులతో రెండు సాయంత్రములైనా కూర్చొని మాట్లాడనివ్వండి. సంపాదన, అప్పులు, అత్తవారింటి సంగతులు, ప్రార్థన జీవితము, అన్నీ. కట్నము 1961 నుండి చట్టరీత్యా నేరము. గుడిలో ప్రార్థన, గుడి వెనుక బేరము మనకు తగదు.

పది గంటలని అచ్చు వేస్తే పది గంటలకే రండి. పెండ్లివారి ట్రాక్టరు రెండు గంటలు ఆలస్యమైతే ప్రక్క ఊరిలో మరొక వధువు పందిట్లో ఎదురుచూస్తూ ఉంటుంది. అప్పుడు కోత పడేది విందుకు కాదు, వాక్యోపదేశమునకు. ప్రమాణములు పలికే వేళ వీడియో తీసేవారిని కాస్త ప్రక్కకు నిలబడమనండి. భోజనాలకు లేవకముందే రిజిష్టరులో సంతకాలు చేయించండి.

కానా ఊరి పెండ్లిలో ఆరు రాతి బానలను సేవకులు ముందుగా నీళ్ళతో నింపవలసి వచ్చింది. నింపడము వారి పని, మార్చడము ప్రభువు పని. మన పిల్లల పెండ్లికి ముందు మనము నింపవలసిన బానలు ఉన్నవి. ఈ సంవత్సరము వాటిని నవంబరులోనే నింపుదాము.